పసుపు, కలబంద, కొబ్బరినూనె: ఎండ నుంచి చర్మాన్ని ఏది కాపాడుతుంది, ఏది ఊరట మాత్రమే ఇస్తుంది

డాబా మీద కూచుని నిమ్మకాయలు కోసిన రోజున మా పిన్ని చేతికి ఏమీ కాలేదు. మర్నాడు రాత్రికి బొటనవేలి పక్క నుంచి మణికట్టు దాకా ఎర్రటి చార ఒకటి తేలింది, కాలిన గరిటె ఆనించినట్టు. మూడో రోజుకి దాని మీద నీటి పొక్కులు లేచాయి. వారానికి మంట తగ్గింది గానీ, ఆ చార ముదురు గోధుమరంగు మచ్చగా మారి వినాయక చవితి దాకా పోలేదు. నూనె చిందిందా, పురుగేమన్నా పాకిందా అని ఇంట్లో అందరం ఆరా తీశాం. ఆవిడకి గుర్తున్నదల్లా ఒకటే. మే నెల ఎండలో వంద కాయలు కోసింది, కొన్ని చెక్కలు పిండింది, మణికట్టు మీదికి కారిన రసాన్ని కొంగుతో తుడుచుకుని పని కానిచ్చింది.

ఎండకి చెయ్యి నల్లబడితే నిమ్మచెక్క రుద్దుకోమని మా చిన్నప్పుడు చెప్పింది కూడా ఆవిడే. ఆ మచ్చ సంగతి తెలుసుకుందామని మొదలుపెట్టి, ఎండ పేరు చెప్పి మనం వాడే ఒక్కో వస్తువు గురించీ చదువుతూ పోయాను. ఏటా వేసవి రాగానే ఫోన్‌లో అవే మాటలు తిరుగుతుంటాయి. కొబ్బరినూనెలో ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే కొలత) 8 ఉందని ఒకరు, టమాటా తింటే లోపలి నుంచి సన్‌స్క్రీన్ అని ఒకరు, కెమికల్ క్రీములు రక్తంలోకి వెళ్తాయి కాబట్టి కలబంద చాలని ఇంకొకరు. 2025 వేసవిలో రెండు పెద్ద కంపెనీలు సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ ప్రకటనల మీద ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాక, డబ్బా మీది అంకెను కూడా నమ్మాలా వద్దా అన్న అనుమానం జనంలో పెరిగింది. ఈ మాటల్లో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, ఒకటి రెండు హాని చేసేవి.

వేడి వేరు, యూవీ వేరు

ఎండలో తిరిగొచ్చాక ఏమైనా మనం "వేడి చేసింది" అనేస్తాం. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. చెమటకాయలు వచ్చేది చెమట బయటికి వచ్చే సన్నటి దారులు మూసుకుపోయినందువల్ల. వడదెబ్బ తగిలేది ఒంట్లోని వేడిని శరీరం బయటికి పంపలేకపోయినందువల్ల. ఈ రెండూ నీడలో కూచున్నా రావచ్చు, ఉక్కపోత రాత్రి కూడా రావచ్చు. చర్మం కమిలిపోవడం, నల్లబడటం, మంగు మచ్చలు ముదరడం, వయసుకు ముందే ముడతలు రావడం మాత్రం ప్రధానంగా అతినీలలోహిత కిరణాల పని. అందరూ యూవీ అనేది వీటినే.

1801లో జర్మన్ శాస్త్రవేత్త యోహాన్ రిట్టర్ ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఊదా రంగుకి అవతల కంటికి ఏమీ కనబడని చోట వెండి లవణాన్ని పెట్టి చూశాడు. మిగతా చోట్ల కంటే అక్కడే అది తొందరగా నల్లబడింది. మన చర్మం మీద పని చేసేది ఆ కనబడని వెలుగే. నేల దాకా వచ్చే యూవీలో సుమారు 95 శాతం యూవీఏ, మిగిలింది యూవీబీ. యూవీబీ ఎక్కువగా పై చర్మంలోనే ఆగుతుంది, కమిలిపోవడానికి ముఖ్య కారణం అదే. యూవీఏ ఇంకా లోతుకి పోతుంది, మామూలు కిటికీ అద్దం లోంచి కూడా చాలావరకు వస్తుంది. బస్సులో ఎప్పుడూ కిటికీ పక్కనే కూచునేవాళ్లకి ఒక చెంప ఎక్కువ నల్లబడటం వెనక ఉన్నది ఇదే.

ఉష్ణోగ్రతను బట్టి యూవీని అంచనా వేయలేం. సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడన్నదే ముఖ్యం. దీనికి పాత కొలత ఒకటుంది, మన నీడ. నీడ మన పొడవు కంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల కంటే పైన ఉన్నట్టు, యూవీ బలంగా ఉన్నట్టు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడే పడదు. టీవీల్లో "జీరో షాడో డే" అని చూపించేది అదే. మరి డిసెంబరు మాటేమిటి? హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 165 సెంటీమీటర్ల మనిషి నీడ దాదాపు 142 సెంటీమీటర్లే. అంటే స్వెట్టర్లు వేసుకునే నెలలో కూడా మధ్యాహ్నం మన నీడ మన కంటే పొట్టిదే. చలిగా ఉంది కదా అనుకుంటే పొరబాటు అక్కడే జరుగుతుంది.

చర్మం లోపల జరిగేది

యూవీబీ నేరుగా కణంలోని డీఎన్ఏకి తగులుతుంది. డీఎన్ఏలో పక్కపక్కన ఉండే అక్షరాల్లాంటి ముక్కలు రెండు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం వాటిని కత్తిరించి సరిచేసుకుంటూ ఉంటుంది, కానీ ఒక్కోసారి కొన్ని మిగిలిపోతాయి. యూవీఏ ఎక్కువగా చుట్టుదారిలో వస్తుంది. కణంలో ఆక్సిజన్‌తో చేరి, ఎటు పడితే అటు అంటుకునే చురుకైన అణువుల్ని పుట్టిస్తుంది. అవి కొవ్వునీ, ప్రొటీన్లనీ, డీఎన్ఏనీ పాడుచేస్తాయి. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ దెబ్బతినేది ఎక్కువగా ఈ దారినే.

దెబ్బతిన్న కణాలు కబురు పంపినట్టు కొన్ని రసాయనాలను వదులుతాయి. వాటిలో ముఖ్యమైనవి ప్రోస్టాగ్లాండిన్లు. రక్తనాళాలు వెడల్పవుతాయి, చర్మం ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, మండుతుంది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది ఈ నాలుగింటినీ కలిపి. ఇది ఎండ తగిలిన నాలుగైదు గంటలకు మొదలై, 12 నుంచి 24 గంటల్లో పతాక స్థాయికి చేరుతుంది. ఈ ఆలస్యాన్ని గుర్తుంచుకోవాలి. ఎరుపు కనబడే సమయానికి డీఎన్ఏకి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత మనం ఏం పూసినా మంట మీదే పూస్తున్నాం. నల్లబడటం కూడా అంతే. దెబ్బ తగిలిందని తెలిశాక చర్మం తనకి రంగునిచ్చే మెలనిన్‌ను ఎక్కువ తయారు చేసుకోవడమే అది.

గొడుగు, తువ్వాలు, కషాయం

సహజ చికిత్సల మీద నడిచే వాదనల్లో చిక్కంతా మూడు పనుల్ని ఒకే పేరుతో పిలవడంలో ఉందని నాకనిపిస్తుంది. వాన సంగతి చూడండి. గొడుగు తడవకుండా ఆపుతుంది. తువ్వాలు తడిసిన తలను వెంటనే తుడుస్తుంది. జలుబు చేశాక తాగే కషాయం గొంతుకి హాయినిస్తుంది. మూడూ మంచివే. కషాయం తాగాను కాబట్టి గొడుగు అక్కర్లేదని మాత్రం ఎవరూ అనరు.

ఎండకీ అంతే. కిరణాన్ని చర్మం దాకా రానీయకపోవడం గొడుగు పని. వచ్చిన కిరణం పుట్టించిన చురుకైన అణువుల్ని అణచడం తువ్వాలు పని, యాంటీ ఆక్సిడెంట్లు చేసేది ఇదే. ఎర్రబడిన చర్మాన్ని చల్లబరచడం కషాయం పని. మొక్కల్లో తువ్వాళ్లు చాలా ఉన్నాయి, కషాయాలూ ఉన్నాయి, గొడుగులు మాత్రం బహు తక్కువ.

కొబ్బరినూనెకి 8 ఎక్కడి నుంచి వచ్చింది

ముందు ఎస్‌పీఎఫ్ అంటే ఏమిటో చూద్దాం. ఒక మనిషి వీపు మీద కొంత మేర ఏమీ పూయకుండా, పక్కనే కొంత మేర క్రీము పూసి, కొలిచిన యూవీ వేస్తారు. ఏమీ పూయని చోట ఎరుపు రావడానికి 20 యూనిట్లు పడితే, పూసిన చోట 200 పట్టిందనుకుందాం. అప్పుడు ఎస్‌పీఎఫ్ 10. ఎరుపు తెప్పించే కిరణాల్లో పదో వంతు లోపలికి వెళ్తున్నట్టు. 15 అయితే సుమారు 93 శాతం ఆగుతాయి, 30 అయితే సుమారు 97, 50 అయితే 98. ఈ లెక్కలన్నీ చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తేనే. ముఖానికి ఒక గ్రాముకి పైనే కావాలి. మనలో చాలామంది పూసేది అందులో సగం కంటే తక్కువ.

ఇప్పుడు నూనెల సంగతి. 2010లో రాయ్‌పూర్ పరిశోధకులు మనకి తెలిసిన నూనెల్ని పరీక్షించి ఒక పట్టిక ప్రచురించారు. అందులో ఆలివ్, కొబ్బరి నూనెలకి 7 నుంచి 8 దాకా వచ్చింది, ఆముదానికి 5 పైన, నువ్వుల నూనెకి 2 కూడా రాలేదు. ఇంటర్నెట్‌లో తిరిగే 8 అక్కడిదే. అయితే ఆ పరీక్ష మనుషుల వీపు మీద జరగలేదు. నూనెను ఆల్కహాల్‌తో పలుచన చేసి, చిన్న గాజు గొట్టంలో పోసి, యంత్రంలోంచి వెలుగు పంపి, ఎంత ఆగిందో కొలిచి సూత్రంతో లెక్కగట్టారు. ల్యాబ్‌లో ఇది తప్పు పని కాదు, ఏ పదార్థం మీద ఇంకా పరిశోధన చేయాలో వడకట్టుకోవడానికి అలాగే చేస్తారు. కానీ గొట్టంలోని ద్రావణం వేరు, చెమట పట్టిన చర్మం మీద పరుచుకున్న నూనె పొర వేరు. 2016లో ఫ్లోరిడా పరిశోధకులు రకరకాల నూనెల్నీ రసాల్నీ మళ్లీ పరీక్షించినప్పుడు యూవీని ఆపే శక్తి చాలా తక్కువేనని తేలింది.

రసాయన శాస్త్రం కూడా అదే చెబుతుంది. ఒక అణువు యూవీని పీల్చుకోవాలంటే దానిలో ఒకటి విడిచి ఒకటిగా వచ్చే జంట బంధాల వరస ఉండాలి. కొబ్బరినూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వు, అందులో అలాంటి బంధాలే ఉండవు. ఇంకొకటి, సోరియాసిస్‌కి యూవీ చికిత్స ఇచ్చేముందు పొలుసుల మీద పలుచటి నూనె రాయడం ఉంది. పొడి చర్మం వెలుగును చెదరగొడుతుంది, నూనె రాస్తే కిరణాలు సాఫీగా లోపలికి దిగుతాయి. అక్కడ కావలసింది అదే. కాబట్టి నూనె రాసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలోకి వెళ్తే రక్షణ రాదు సరికదా, కొంత ఎక్కువ తగిలే వీలుంది.

"మరి మా బామ్మ జీవితమంతా నూనె రాసుకునే పొలం వెళ్లింది కదా" అనే మాటకి జవాబు చెప్పాలి. నిజమే, వెళ్లింది. ఆమెను కాపాడింది ఆమె చర్మంలోని మెలనిన్, తల మీది కొంగు. 1979లో అమెరికాలో చేసిన కొలతల్లో నల్లజాతి వారి పై చర్మం సుమారు 13 ఎస్‌పీఎఫ్‌తో సమానంగా, తెల్లవారిది సుమారు 3తో సమానంగా తేలింది. మన చామనఛాయలు చాలావరకు ఈ రెంటి నడుమ ఉంటాయి. చర్మ క్యాన్సర్లు మనలో తక్కువ ఉండటానికి ఇదే పెద్ద కారణం. బదులుగా మనకి మంగు, మచ్చలు, అక్కడక్కడ రంగు తేలడం ఎక్కువ బాధ. కొబ్బరినూనె పేరు తీసిపారేయాల్సిన పని లేదు. ఫిలిప్పీన్స్‌లో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద చేసిన పరీక్షలో మినరల్ ఆయిల్ కంటే కొబ్బరినూనె మెరుగ్గా పనిచేసింది. పొడిబారిన చర్మానికి అది మంచి నూనె. దానికి గొడుగు పని అప్పగించడమే తప్పు.

పసుపు మరక చెప్పే సంగతి

తెల్ల చొక్కా మీద పప్పు ఒలికితే మా అమ్మ సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తుంది. ఉతికినప్పుడు ఎర్రగా మారిన ఆ మరక, సబ్బు పోయాక మళ్లీ పసుపు పచ్చబడి, సాయంత్రానికి మాయమవుతుంది. పసుపులోని కర్క్యుమిన్ వెలుగు తగిలితే విరిగిపోతుంది. ఎండలో తానే నిలబడలేని పదార్థం, ఎండకి రోజంతా అడ్డు నిలబడుతుందని అనుకోలేం. పైగా అది బాగా పీల్చుకునేది 425 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనబడే నీలి వెలుగు దగ్గర. పసుపు మనకి పచ్చగా కనబడేది అందుకే. కమిలించే యూవీబీ 315 కంటే కింద ఉంటుంది.

ఇన్‌ఫ్లమేషన్ విషయంలో పసుపు కథ వేరు. వాపు పెంచే సంకేతాలను కర్క్యుమిన్ అణచడం కణాల మీద, ఎలుకల మీద చేసిన ఎన్నో ప్రయోగాల్లో కనిపించింది. గాయానికి పసుపు అద్దడం మన దగ్గర ఎంత పాతదంటే, 1995లో అమెరికాలో మిసిసిపి యూనివర్సిటీ మెడికల్ సెంటర్ పేరిట గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద పేటెంట్ ఇస్తే, మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందుపెట్టి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ గెలుపు గాయం గురించి, ఎండ గురించి కాదు. తినే పసుపు నుంచి కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది చాలా కొద్ది. పూసే పసుపు కొందరికి ఎలర్జీ కూడా తెస్తుంది. పెళ్లికి నలుగు పెట్టుకున్నాక దద్దుర్లు వచ్చినవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు.

టమాటా పప్పుకి ఎంత ఎస్‌పీఎఫ్

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇది. 2001లో జర్మనీలో ఒక ప్రయోగం చేశారు. కొందరికి రోజూ 40 గ్రాముల టమాటా పేస్టు 10 గ్రాముల ఆలివ్ నూనెతో పది వారాలు పెట్టారు. తర్వాత వాళ్ల చర్మం మీద యూవీ వేస్తే, పేస్టు తినని వారి కంటే సుమారు 40 శాతం తక్కువ ఎర్రబడింది. పదేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో 20 మంది మహిళల మీద చేసిన పరీక్షలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. పని చేసేది లైకోపీన్, టమాటాకి ఎరుపునిచ్చే పదార్థం. పచ్చి టమాటా కంటే ఉడికించిన దాన్లోంచి, అదీ నూనెతో కలిస్తేనే అది ఒంటికి బాగా పడుతుంది. అంటే మనం చేసుకునే టమాటా పచ్చడి, తాలింపు వేసిన టమాటా పప్పు దానికి తగిన వంటలే.

ఇక లెక్క. ఎర్రబడటానికి మూడోవంతు ఎక్కువ ఎండ పట్టిందనుకుందాం, అప్పుడు ఎస్‌పీఎఫ్ సుమారు 1.3. ఏమీ లేకుండా 30 నిమిషాలకి ఎర్రబడేవాళ్లు 40 నిమిషాలకి ఎర్రబడతారు, అదీ పది వారాలు రోజూ తిన్నాక. రేపు తిరుపతి క్యూలో నిలబడాలని ఈ రోజు టమాటా తింటే ఏమీ రాదు. కానీ ఏడాది పొడుగునా, ఒళ్లంతటికీ, ఖర్చు లేకుండా వచ్చే ఆ కొంచెం మంచి తువ్వాలేనని ఒప్పుకోవాలి.

గ్రీన్ టీ కథలో మలుపు ఉంది. టీ సారాన్ని చర్మానికి పూస్తే యూవీ ఎరుపు తగ్గుతుందని 2001లో తేలింది. తాగినా తగ్గుతుందని ఒక చిన్న అధ్యయనం ఆశ చూపించింది. 2015లో 50 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మూడు నెలలు టీ కాటెచిన్లు, విటమిన్ సి ఇచ్చి, రెండో గుంపుకి ఉత్తి మాత్రలు ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందు వచ్చిన వార్త అందరికీ చేరింది, తర్వాత వచ్చింది చేరలేదు. ఎండకి మింగే మాత్రల మాట కూడా చెప్పాలి. ఇవి సన్‌స్క్రీన్‌లా కాపాడతాయని ప్రచారం చేసుకున్న కంపెనీల్ని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

విటమిన్ సి విషయంలో గట్టి ఆధారమే ఉంది. 2005లో డ్యూక్ యూనివర్సిటీ బృందం 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ కలిపిన ద్రావణం చర్మానికి సుమారు నాలుగు రెట్ల రక్షణ ఇస్తుందని, దానికి అర శాతం ఫెరూలిక్ ఆమ్లం చేరిస్తే అది ఎనిమిది రెట్లయిందని చూపింది. ఆ ఫెరూలిక్ ఆమ్లం మన తవుడులో పుష్కలంగా ఉండేదే. తవుడు నూనె నుంచి దాన్ని తీస్తారు కూడా. మరి నిమ్మరసం పూస్తే చాలదా? 100 గ్రాముల నిమ్మరసంలో విటమిన్ సి 30 నుంచి 50 మిల్లీగ్రాములు. 15 శాతం అంటే 100 గ్రాముల్లో 15,000 మిల్లీగ్రాములు. కనీసం 300 రెట్లు తేడా. నిమ్మరసంలో అసలు ఎక్కువగా ఉన్నది సిట్రిక్ ఆమ్లం. అది చర్మాన్ని మండిస్తుంది.

నిమ్మ, బావంచాలు: ఎండతో చేతులు కలిపేవి

పిన్ని చేతి మీది చారకి పేరుంది, ఫైటోఫోటోడెర్మటైటిస్. మొక్క, వెలుగు, చర్మపు వాపు మూడూ కలిసిన మాట. నిమ్మలో, ముఖ్యంగా తొక్కలోని నూనెలో, సోరాలెన్ జాతి పదార్థాలు ఉంటాయి. చర్మం మీద పడితే వాటంతట అవి ఏమీ చేయవు. యూవీఏ తగిలిన క్షణం నుంచి డీఎన్ఏకి అతుక్కుంటాయి. మామూలుగా ఎండకి కమిలితే కొన్ని గంటల్లో తెలుస్తుంది. ఇది ఒక రోజు ఆగి మొదలై, రెండు మూడు రోజులకి ముదురుతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది. రసం ఎలా కారితే చార అలా పడుతుంది కాబట్టి కాలిన మచ్చనో, దెబ్బనో అనుకుంటారు. అంజూర చెట్టు పాలు తగిలినా ఇలాగే అవుతుంది. ఎండకి నల్లబడిన చేతికి నిమ్మచెక్క రుద్దుకుని మళ్లీ ఎండలోకి వెళ్లడం అంటే నల్లబడటాన్ని కోరి తెచ్చుకోవడమే.

ఇదే గుణాన్ని మన వైద్యులు మంచికి వాడుకున్నారు. బొల్లికి బావంచాల గింజల లేపనం పూసి, మచ్చను కాసేపు ఎండకి చూపడం ఆయుర్వేదంలో ఎంతో పాత పద్ధతి. ఆ గింజల్లో ఉన్నదీ సోరాలెనే. ఈజిప్టులో 1940ల్లో డాక్టర్ ఎల్ మోఫ్తీ వేరే మొక్క నుంచి తీసిన ఇలాంటి పదార్థాన్నే బొల్లికి వాడి చూశాడు. 1974లో అమెరికాలో సోరాలెన్ మాత్ర, కొలిచిన యూవీఏ దీపాలు కలిపి సోరియాసిస్‌కి చికిత్స మొదలైంది. ఆస్పత్రుల్లో పూవా అనే పద్ధతి అదే. నిమిషాలు లెక్కబెట్టి ఇస్తారు, లెక్క తప్పితే బొబ్బలెక్కుతుంది. ఇప్పుడు సీరమ్‌లలో వస్తున్న బకూచియోల్ కూడా బావంచాల నుంచి తీసిందే, కానీ అది సోరాలెన్ కాదు, వేరే పదార్థం. 44 మంది మీద 12 వారాలు చేసిన పరీక్షలో అది ముడతల విషయంలో, వాటికి మామూలుగా వాడే రెటినాల్‌కి సాటి వచ్చింది. ఈ రెండూ ఒక్కటేనని, పచారీ కొట్లో బావంచాల పొడి కొని ముఖానికి పూసుకుంటే జరిగేది వేరు.

కలబంద మీద రెండు సాక్ష్యాలు

కలబంద గుజ్జు చల్లగా తగలగానే హాయిగా ఉండటంలో అబద్ధం లేదు. అందులో చాలావరకు నీరే. అంతకు మించి ఏమన్నా ఉందా అన్నదాని మీద పరీక్షలు రెండు వైపులా ఉన్నాయి. 2008లో జర్మనీలో 40 మంది మీద 97.5 శాతం కలబంద జెల్ రెండు రోజులు కట్టి ఉంచితే యూవీ ఎరుపు తగ్గింది. జెల్‌లో కలిపిన హైడ్రోకార్టిసోన్ (వాపు తగ్గించే మందు) కంటే మెరుగ్గా, అదే మందు క్రీము కంటే తక్కువగా. 2005లో థాయ్‌లాండ్‌లో 70 శాతం కలబంద క్రీముతో 20 మంది మీద చూస్తే, కమలకుండా ఆపలేదు, కమిలాక తగ్గించనూ లేదు. ఒకటి గాఢమైన జెల్ గట్టిగా కట్టి ఉంచింది, ఇంకోటి క్రీము. కాబట్టి రెండూ నిజమే కావచ్చు. ముందే పూస్తే ఎండను ఆపుతుందన్న మాటకి మాత్రం ఏ వైపూ బలం లేదు. కలబంద మట్టను కోయగానే తొక్క కింద నుంచి కారే పచ్చటి జిగురు గుజ్జు కాదు. అది కొందరి చర్మానికి పడదు. మట్టను కాసేపు నిలువుగా పెట్టి అది కారిపోయాక గుజ్జు తీయడం మన పెద్దవాళ్లకి తెలిసిన పనే.

సన్‌స్క్రీన్ మీద ఉన్న భయం

ఇంటి వైద్యం వైపు జనం మళ్లడానికి ఊరికే కారణం లేకపోలేదు. సన్‌స్క్రీన్‌లలోని కొన్ని రసాయనాలు చర్మం దాటి రక్తంలోకి చేరుతున్నాయని 2019లో ఎఫ్‌డీఏ పరిశోధకులే చూపించారు. సముద్రంలోని పగడపు దిబ్బలకి హాని అని హవాయి రెండు రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని 2021 నుంచి ఆపింది. రక్తంలో కనబడటం, హాని చేయడం ఒకటి కాదు. ఎఫ్‌డీఏ అడిగింది మరింత సమాచారం, వాడకం మానేయమని కాదు. ఇంకోవైపు ఆస్ట్రేలియాలో నాంబర్ ఊళ్లో 1992లో మొదలుపెట్టి 1,600 మందికి పైగా మనుషుల మీద ఏళ్ల తరబడి చేసిన పరీక్ష ఉంది. రోజూ సన్‌స్క్రీన్ పూసుకున్న వారి చర్మం, ఇష్టమొచ్చినప్పుడు పూసుకున్న వారి కంటే తక్కువ ముదిరింది. అయితే వాళ్లు ఎక్కువగా తెల్లచర్మం వాళ్లు. మన చర్మానికి అదే మోతాదు లాభం ఉంటుందని అనుకోలేం.

రసాయనం వద్దనుకునేవారికి ఖనిజంతో చేసిన సన్‌స్క్రీన్ ఉంది. జింక్ ఆక్సైడ్ యూవీఏ, యూవీబీ రెంటినీ ఆపుతుంది. చెమటకాయలకి పూసే కాలమైన్ లోషన్‌లో ఉండేదీ అదే, గులాబీ రంగు మాత్రం కొద్దిగా కలిపిన ఐరన్ ఆక్సైడ్‌ది. ఈ ఐరన్ ఆక్సైడ్ మనకి పనికొచ్చేది. చామనఛాయ, నల్లని చర్మాల్లో కంటికి కనబడే నీలి వెలుగు కూడా మచ్చల్ని ముదురు చేస్తుంది. పారదర్శకంగా ఉండే సన్‌స్క్రీన్‌లు దాన్ని ఆపలేవు. రంగున్న ఐరన్ ఆక్సైడ్ ఆపుతుంది. మంగు ఉన్నవాళ్లకి డాక్టర్లు రంగు కలిసిన సన్‌స్క్రీన్ రాయడం అందుకే. ఎర్రమన్నులో ఉన్నదీ ఇదే. నమీబియాలో హింబా స్త్రీలు ఒళ్లంతా పూసుకునే ఎర్రమన్ను, వెన్నపూస లేపనం మొక్కల వైద్యాలన్నిటి కంటే నిజమైన గొడుగుకి దగ్గర.

గుడ్డ లెక్క

మిర్చి కోతలకి, ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకోవడం మన ఊళ్లన్నిటా కనబడుతుంది. హైదరాబాద్‌లో స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు కళ్లు తప్ప ముఖమంతా చున్నీతో చుట్టుకుంటారు. గుడ్డకి కూడా ఎస్‌పీఎఫ్ లాంటి కొలత ఉంది, యూపీఎఫ్. పలుచటి తెల్ల కాటన్ టీషర్టుకి అది 5 నుంచి 7 దాకా ఉంటుంది, తడిస్తే 3కి పడిపోతుంది. ముదురు రంగు, దగ్గర నేత అయితే బాగా పెరుగుతుంది, జీన్స్ గుడ్డకి వందల్లో ఉంటుంది. కొత్త కాటన్ గుడ్డ రెండు మూడు ఉతుకులకి ముడుచుకుని నేత దగ్గరవుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ ఆపుతుంది. చెమటకి కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ పూయనక్కర్లేదు. ఆయుర్వేదపు గ్రీష్మ ఋతుచర్యలో కూడా ముందు చెప్పింది ఎండను తప్పించుకోమనే, చందనం లాంటి చల్లని పూతలు ఆ తర్వాతివే.

దీనికీ ఒక చిక్కుంది. ఒళ్లంతా కప్పుకుంటే విటమిన్ డి తగ్గుతుంది. చర్మం దాన్ని తయారు చేసుకునేది యూవీబీతోనే, మెలనిన్ ఎక్కువున్న చర్మానికి ఎక్కువ ఎండ కావాలి. ఎండకి కరువు లేని తిరుపతి ప్రాంతంలోనే ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా విటమిన్ డి లోపం విస్తారంగా ఉందని 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ముఖం మీద మంగు ఉన్న ఆవిడ ముఖం కప్పుకుని, మోచేతులకీ పిక్కలకీ కాసేపు ఎండ తగలనిస్తే రెండు అవసరాలూ తీరతాయి. మంగు వచ్చేది ఎక్కువగా ముఖానికే, విటమిన్ డి మాత్రం ఏ చోటి చర్మంలోనైనా తయారవుతుంది.